ఆడుమళయాళమును చూపిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు

ఆంధ్రదేశమున గ్రంథాలయ మెచ్చట వెలసినను, దాని అలమారులలో కందుకూరి వీరేశలింగము పంతులుగారి గ్రంథములకు తావు లేకుండుట అరుదు. వితంతు వివాహములు జరిపించిన ధీరులుగా, తెలుగు నవలకు బాటలు వేసినవారుగా, పత్రికా సంపాదకులుగా, స్వీయచరిత్ర కర్తలుగా వారు సుప్రసిద్ధులు. వారి రాజశేఖర చరిత్రము పేరు బడిపిల్లలకు సహితము తెలియును. కాని వారు రచించిన సత్యరాజా పూర్వదేశ యాత్రలు అను కథ మాత్రము అంతగా పాఠకుల చేతికి వచ్చుట లేదు. లేని దేశమొకటి ఉన్నట్లు కల్పించి, దాని వింత ఆచారములను వర్ణించుచు, ఉన్న దేశపు తప్పులను నవ్వుచు చూపిన కథ అది. నేడు లోకమున శాస్త్రకల్పన కథలని, ఊహాలోక కథలని పేరొందిన రచనలకు తెలుగున అట్టి గ్రంథమే పూర్వరూపము. ఆ కథ ఎట్టి జీవితమునుండి పుట్టినదో తెలిసికొన్నగాని దాని విలువ పూర్తిగా బోధపడదు.

బాల్యము, విద్య

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతింపగా, పెదతండ్రి వెంకటరత్నముగారు ఆ బాలుని పెంచి చదువు చెప్పించిరి. పుట్టినది మొదలు దేహము బలహీనము. దగ్గు, ఉబ్బసము ఆయనను జీవితాంతము వెన్నాడినవి. ఆనాటి ఆచారము ననుసరించి 1861లో, పదుమూడేండ్ల వయస్సుననే, వివాహము జరిగెను. ఆ వధువే పిదప రాజ్యలక్ష్మమ్మగారను పేర ఆంధ్ర స్త్రీలోకమునకు పూజనీయురాలైనది.

చదువుకొను కాలముననే పంతులుగారికి కేశవచంద్రసేనుని వ్యాసములు చేతబడినవి. దేనినైనను విచారించి చూడక నమ్మరాదను బుద్ధి అప్పుడే ఆయనలో నాటుకొన్నది. దుర్ముహూర్తమున బయలుదేరిన కార్యము చెడునని ఊరివారు భయపడుచుండగా, ఆయన కావలెనని ఆ దినములందే ప్రయాణములు చేసెడివారు, పనులు మొదలుపెట్టెడివారు. మాటలతో వాదించుటకంటె చేసి చూపుట మేలని ఆయన యెరుగుదురు. తిథివారములు మార్చి, మిగిలినదంతయు యథాతథముగా నుంచి, ఫలమేమగునో చూడుడని లోకమునకు చూపుట నిజముగా శాస్త్రజ్ఞుని పద్ధతియే. ఈ పద్ధతియే పిదప ఆయన కథారచనలోను ప్రవేశించెను.

ఉపాధ్యాయుడుగా ఆయన కోరంగిలోను, ధవళేశ్వరములోను పనిచేసి, పిమ్మట రాజమహేంద్రవరమున తెలుగు పండితులైరి. భౌతికశాస్త్రము, ఖగోళశాస్త్రము, శరీరశాస్త్రము, జంతుశాస్త్రము మొదలగు విషయములను ఆంగ్లమెరుగని తెలుగువారికి తెలుపుటకై సులభమైన వచనమున పుస్తకములు వ్రాసిరి. కవిగా ప్రబంధములల్లి పేరు పొందగల నేర్పు ఉండియు, జనులకు పనికివచ్చు వచనమునకే ఆయన తన కాలమును వెచ్చించిరి.

పత్రికయు, ప్రహసనమును

1874వ సంవత్సరము ఆయన జీవితమున మలుపు. ఆ యేడే ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పిరి. ఆ యేడే అక్టోబరులో వివేకవర్ధని పత్రికను ప్రారంభించిరి. న్యాయస్థానములలోను, కచేరీలలోను చెల్లుచున్న లంచగొండితనమును ఆ పత్రిక నిర్భయముగా బయటపెట్టెను. పెద్దమనుషులు మండిపడిరి. వ్యాజ్యములు పడినవి. పంతులుగారు వెనుదీయలేదు. అనతికాలములోనే హాస్యసంజీవని అను వినోదపత్రికయు వెలువడెను. కోపముతో చెప్పిన మాట శత్రువును మొండివానిని చేయును, నవ్వుతో చెప్పిన మాట అతనికే తెలియకుండ లోన దిగునని పంతులుగారు గ్రహించిరి.

బ్రహ్మవివాహమను ప్రహసనమున ముదుసలి వరుడు, పసిపాప వధువు గల వివాహమును రంగస్థలముపై నిలిపి నవ్వించిరి. వ్యవహార ధర్మబోధినిలో ప్లీడర్ల మోసములను బట్టబయలు చేసిరి. 1880లో ఆయన శిష్యులు నాటకమాడినప్పుడు, తెలుగు నాటకమునకు ప్రజల యెదుట ప్రదర్శనభాగ్యము తొలిసారి కలిగినదని చెప్పుదురు. 1878లో మొదలై 1880లో పుస్తకరూపము దాల్చిన రాజశేఖర చరిత్రము గోల్డుస్మితు అను ఆంగ్ల రచయిత నవల ప్రేరణమున వ్రాసినదైనను, అందలి ఊరు, గోదావరి, జ్యోతిష్కులు, స్వర్ణయోగమని మోసగించు బైరాగులు, అంతయు అచ్చమైన తెలుగువారి లోకమే. 1887లో అది ఆంగ్లమునకు సైతము పరివర్తితమయ్యెను.

శాసనమున్నను సాగని కార్యము

హిందూ వితంతువులు పునర్వివాహము చేసికొనవచ్చునని 1856లోనే శాసనమైనది. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులు చేసిన కృషికి అది ఫలము. కాని శాసనము పుట్టి పాతికేండ్లు కావచ్చినను ఆంధ్రదేశమున దానిని వినియోగించుకొన్న కుటుంబము కానరాలేదు. అడ్డుపడినది న్యాయస్థానము కాదు, పొరుగువారి నోరు. వెలివేతురను భయము, నలుగురు నవ్వుదురను సిగ్గు, ఈ రెండును శాసనముకంటె బలమైనవై నిలిచినవి.

1879లో పంతులుగారు ఈ విషయమై బహిరంగోపన్యాసము చేసిరి. శాస్త్రవాక్యములను చూపి పండితులతో వాదించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తమ గృహమందే గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మ అను బాలవితంతువునకును వివాహము జరిపించిరి. కాకినాడ నివాసియగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు పంతులుగారికి అండగా నిలిచిరి. ఊరు ఊరంతయు ఉద్రిక్తమై యుండుటచే రక్షకభటుల కాపుదల కావలసివచ్చెను.

ఆ వెంటనే వెలి వచ్చిపడినది. వంటవారు పని మానిరి. నీళ్ళు తెచ్చువారు రాలేదు. శుభాశుభములకు పురోహితుడు దొరకలేదు. రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి బిందెతో నీళ్ళు మోసికొని వచ్చి, ఇంట చేరిన వితంతు బాలికలకు, అతిథులకు వండి వడ్డించిరి. ఉపన్యాసములు పంతులుగారివి, పత్రికలు పంతులుగారివి. కాని ఆ ఉద్యమభారమును బిందెడు బిందెడుగా భుజముపై మోసినది ఆ యిల్లాలు. స్త్రీల బలమెట్టిదో పంతులుగారు గ్రంథములు చదివి తెలిసికొనవలసిన అవసరము లేకపోయెను.

ఆడుమళయాళము

ఈ యనుభవములన్నియు గడచిన పిమ్మట, 1891లో న్యాపతి సుబ్బారావు పంతులుగారు చింతామణి పత్రికను స్థాపించి సంపాదకత్వమును వీరేశలింగముగారికి అప్పగించిరి. ఆ పత్రిక కాలముననే సత్యరాజా పూర్వదేశ యాత్రలు రూపొందినది. 1726లో వెలువడిన జోనతన్ స్విఫ్టు అను రచయిత గలివరు యాత్రలు దానికి ప్రేరణ. సత్యరాజాచార్యులను నతడు దేశాటనమునకు బయలుదేరి తాను కన్న వింతలను తానే చెప్పుకొనుచుండును. అందు మొదటి యాత్ర ఆడుమళయాళము. మళయాళ దేశమున స్త్రీలే రాజ్యమేలుదురను పాతకాలపు జనశ్రుతిని పట్టుకొని పంతులుగారు దానిపై ఒక దేశమునే నిర్మించిరి.

ఆ దేశమున రెండు జాతులున్నట్లు స్త్రీ పురుషులు విడిపోయియుందురు. అధికారము, విద్య, వీధి, సభ స్త్రీలవి. ఇల్లు, వంట, లొంగుబాటు పురుషులవి. పురుషులు చదువుకొన్నచో చెడిపోదురని అచ్చటివారి నమ్మకము. పతివ్రతాధర్మమునకు మారుగా అచ్చట పత్నీవ్రత ధర్మము వర్ధిల్లుచుండును. భర్తకు భార్యయే దైవము. మన దేశమున స్త్రీలను గూర్చి పెద్దలు గంభీరముగా చెప్పు నీతులన్నియు అచ్చట పురుషులను గూర్చి అంతే గంభీరముగా చెప్పబడుచుండును.

దుర్ముహూర్త ప్రయాణమున వాడిన పద్ధతియే ఇచ్చటను కానవచ్చుచున్నది. పంతులుగారు కొత్త ఆచారమేదియు కల్పింపలేదు. ఉన్న ఆచారములనే తీసికొని, స్త్రీ యున్నచోట పురుషుని, పురుషుడున్నచోట స్త్రీని నిలిపిరి. మార్చినది ఆ యొక్కటియే. మిగిలినదంతయు యథాతథము. అంతమాత్రమున, నిన్నటివరకు సనాతనమని, సహజమని తోచిన ధర్మము పాఠకునికి వింతగాను, క్రూరముగాను, హాస్యాస్పదముగాను కనబడును. ఆచారమున నిజముగా న్యాయమున్నచో తలక్రిందులు చేసినను న్యాయముగనే యుండవలెను. తలక్రిందులు చేయగానే నవ్వు వచ్చినదన్నచో లోపము ఆచారముననే యున్నదన్నమాట. శాస్త్రములను పుటలకొలది ఉదాహరించినను ఒప్పుకొనని పాఠకుడు ఇచ్చట తన నవ్వుకు తానే చిక్కును.

అయినను పంతులుగారు ఆడుమళయాళమును స్వర్గముగా చిత్రింపలేదు. ఆ దేశపు స్త్రీలు మన పురుషులకంటె మంచివారు కారు. అధికారము ఒకేవైపున చేరినచోట, ఆ వైపున ఎవరున్నను అన్యాయము తప్పదు. తన పెత్తనమును ధర్మమని పిలుచుకొనుట ఏలువారి స్వభావము. కథ ప్రకటించు సత్యమిదియే.

రెండవ యాత్రలో సత్యరాజాచార్యులు లంకాద్వీపము చేరి మహాకాయుల నడుమ చీమవంటి వాడగును. తన దేశమును, తన కులమును గొప్పవని తలచుకొను మనుష్యుడు తనకంటె పెద్దవారి కన్నులకెంత అల్పుడుగా కనబడునో ఆ భాగము తెలుపును.

ఈ కథను పరిశీలించువారికి ఒక వైరుధ్యము కనబడక మానదు. 1883 నాటి సత్యవతీ చరిత్రమువంటి పుస్తకములలో పంతులుగారు స్త్రీవిద్యను గాఢముగా సమర్థించిరి. కాని ఆ విద్య మంచి ఇల్లాలిని తయారుచేయుటకే అను భావము అందు బలముగా నున్నది. పతిభక్తిని మెచ్చుకొన్న కలమే పత్నీవ్రతమును సృష్టించి నవ్వించినది. సంస్కర్తగా ఆయన తన కాలపు జనులు ఒప్పుకొనగల మేరకే అడుగు వేసిరి. కథకుడుగా ఆ మేర దాటిపోయిరి. ఉపన్యాసమున అడుగ సాహసింపని ప్రశ్నను కథలో అడిగిరి. గ్రంథము గ్రంథకర్తకంటె ముందు నడచుట సాహిత్యమున అరుదుగా జరుగు విశేషము.

హైదరాబాదుతోడి సంబంధము

సరిగా ఆ కాలముననే హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు చుట్టుపట్ల వీధులందు తెరలు కట్టిన బండ్లు సాగుచుండెడివి. నవాబుల దేవిడీలలో పురుషుల మర్దానా వేరు, స్త్రీల జనానా వేరు. నడుమ గోడ. ఈ ఘోషా ఒక మతమువారికే పరిమితము కాదు. దేశముఖుల, జమీందారుల తెలుగు లోగిళ్ళలోను గౌరవచిహ్నముగా చెల్లుచుండెను. ఒకే ఇంట రెండు దేశములుండుటను చూచుటకు ఆ నగరవాసులు కల్పిత ద్వీపమునకు పోనవసరము లేదు. పంతులుగారి కథలోని గోడ వారి కంటికెదురుగనే యుండెను.

నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగు చదువునకు ఆదరణ తక్కువ. అట్టిచోట తెలుగు పుస్తకమును పాఠకునికి చేర్చు భారము గ్రంథాలయములపై పడినది. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపితమైనది. రావిచెట్టు రంగారావుగారు, నాయని వేంకట రంగారావుగారు, కొమర్రాజు లక్ష్మణరావుగారు దానికి మూలస్తంభములు. 1906లో అదే నగరమున విజ్ఞానచంద్రికా మండలి పుట్టి, చరిత్రను, ప్రకృతిశాస్త్రములను తెలుగున ప్రకటింపసాగెను. పంతులుగారు ఒంటిచేత సాగించిన శాస్త్రగ్రంథ రచనను ఆ మండలి పదిమంది చేతులతో సాగించినది.

లక్ష్మణరావుగారి అక్క భండారు అచ్చమాంబగారు. బడికి పోకయే స్వయంకృషితో చదువు నేర్చిన ఆ విదుషీమణి దేశమునందలి ఉత్తమ స్త్రీల చరిత్రలను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల రచించెను. పంతులుగారి ప్రోత్సాహమున, వారి చింతామణి ద్వారా ఆ రచన వెలుగు చూచినది. ఆడుమళయాళమును అచ్చువేసిన పత్రికలో నిజమైన తెలుగు స్త్రీ తన కలముతో ప్రవేశించుట ఆ కథకు లభించిన ఉత్తమ సమాధానము. 1905లో, నడివయస్సైనను రాకముందే, ఆమె స్వర్గస్థురాలగుట ఆంధ్రుల దురదృష్టము.

అదే 1905లో చెన్నపురిలోని ఒక ఆంగ్ల పత్రికలో రొకియా సఖావత్ హుసేన్ అను వంగదేశపు ముస్లిము వనిత సుల్తానా స్వప్నమను కథను ప్రకటించినది. అందును స్త్రీలు వీధులలో తిరుగుదురు, పురుషులు మర్దానాలో బందీలు. అచ్చటి స్త్రీ శాస్త్రజ్ఞులు సూర్యుని వేడిమిని పట్టి వాడుకొందురు, మేఘములనుండి నీటిని నేరుగా గ్రహింతురు. ఆ పత్రికకు సంపాదకురాలు కమలా సత్యనాథన్ అను తెలుగింటి ఆడపడుచు. పంతులుగారు చేసిన ప్రయోగమునే, పదునాలుగేండ్ల యెడమున, ఘోషాలో పెరిగిన ఒక స్త్రీ తన వైపునుండి చేసి చూపినది. ఒకటి గోడకు ఈవలినుండి, మరియొకటి ఆవలినుండి. రెండును ఒకే గోడను తట్టినవి.

చివరి దినములు

పంతులుగారికి సంతానము లేదు. 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి, తమ ఆస్తినంతయు దానికి సమర్పించిరి. వితంతు శరణాలయము, పాఠశాల ఆ సమాజము నీడన నడచినవి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు కన్నుమూసిరి. దాదాపు అర్ధశతాబ్దపు సహచరి పోయిన పిమ్మట పంతులుగారి శరీరము మరింత క్రుంగినది. అయినను చేతిలోని కలము ఆగలేదు. కవుల చరిత్రమును సంస్కరించి మరల అచ్చువేయించు పనికై వారు చెన్నపురి చేరిరి. అచ్చట కొమర్రాజు లక్ష్మణరావుగారి వేదవిలాస గృహమున, 1919 మే 27వ తేదీన, తమ 71వ యేట పరమపదించిరి. హైదరాబాదున గ్రంథాలయమునకు పునాది వేసిన ఆ పండితుని ఇంటనే తెలుగు వచనమునకు పునాది వేసిన మహనీయుడు తుదిశ్వాస విడిచెను.

పిదప కాలము చాల మారినది. 1929లో బాల్యవివాహ నిరోధ శాసనము వచ్చినది. ఒకప్పుడు బాలికలకు మూసియున్న బడి తలుపులు తెరచుకొన్నవి. పంతులుగారి కాలమున నీళ్ళు తేవలదని వెలివేసిన ఊరిలోనే ఆయన విగ్రహమునకు పూలమాలలు పడుచున్నవి. కాని శాసనమున్నంత మాత్రమున ఆచారము మారదని 1856 తరువాతి పాతికేండ్లును మనకు నేర్పినవి. చదువుకొన్న బిడ్డకును ఇంటి పనిలో అన్నకొక న్యాయము, చెల్లెలికొక న్యాయము జరుగుచున్నంతవరకు ఆడుమళయాళమునకు పని తీరలేదు.

ఏ యింటనైనను ఒక కట్టుబాటు న్యాయమైనదా కాదా యను సందేహము కలిగినచో, పంతులుగారు చూపిన ఉపాయము సులభము. ఆ కట్టుబాటులో మనుష్యులను అటునిటు మార్చి చూడవలెను. అప్పుడు నవ్వు వచ్చినచో దానిని విడువవలెను. ఇందుకు శాస్త్రపాండిత్యము అక్కరలేదు, ధనమక్కరలేదు. గ్రంథాలయమునుండి ఒక పుస్తకమును ఇంటికి తీసికొనిపోయి, ఇంటిల్లిపాది వినునట్లు చదివినచో చాలును.